మామిడితోటలో భౌతికశాస్త్రము

వైశాఖము వచ్చునప్పటికి నూజివీడు ప్రాంతమున గాలికి కూడ ఒక వాసన పుట్టును. ఆగిరిపల్లి దారిని పోయినను, విస్సన్నపేట దారిని పోయినను ఎఱ్ఱనేలమీద గుబురుగా పెరిగిన మామిడితోటలే కనిపించును. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, బంగినపల్లి, కలెక్టరుకాయ అను పేరుతో చెలామణి యగు తోతాపురి - వీనిలో ఏది ఏ చెట్టుదో కాయ చేతికి రాకముందే చెప్పగల పిల్లలు ఈ పల్లెలలో నేటికిని ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి నూజివీడు కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి వచ్చినది గాని, రసాల రుచికి ఆ సరిహద్దుతో నిమిత్తము లేదు.

ఈ పిల్లలే పాఠశాలలో భౌతికశాస్త్రము చదువుదురు. గురుత్వాకర్షణ యననేమి యని ప్రశ్నించినచో నిర్వచనమును అక్షరము పొల్లుపోకుండ ఒప్పచెప్పుదురు. పరీక్షలో వ్రాయుదురు, మార్కులును వచ్చును. అట్టి విద్యార్థినే చెట్టుక్రిందికి తీసికొనిపోయి, “పెద్దరసము ఒకటి, దానిలో సగమైనను తూగని చిన్నరసము ఒకటి, ఒకే ఎత్తునుండి ఒక్కమారే విడిచినచో ఏది ముందు నేలను తాకును?” అని అడిగి చూడవలెను. పదిమందిలో ఎనమండుగురు తడుముకొనక “పెద్దకాయ” అందురు. పుట్టినది మొదలు కాయలు రాలుట చూచినవారు వారు. నిర్వచనము నేర్చినవారును వారే. చూచినదానికిని చదివినదానికిని నడుమ మాత్రము వంతెన పడలేదు. మన పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధనకు వచ్చిన చిక్కు అంతయు ఈ వంతెన లేకపోవుటయే.

ఆ పిల్లవాడు సిగ్గుపడవలసిన పని లేదు. బరువైన వస్తువు వేగముగా పడునని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పగా, దాదాపు రెండువేల సంవత్సరములు పండితలోకము ఆ మాటను శిరసావహించినది. పదునేడవ శతాబ్దారంభమున గెలీలియో వాలుబల్లలపై గుండ్లను దొరలించి, కాలమును కొలిచి, ఆ నమ్మకమును త్రోసిపుచ్చినాడు. నూజివీడు పిల్లలకు వాలుబల్ల కూడ అక్కరలేదు. ఒకడు కొమ్మనెక్కి రెండు చేతులతో రెండు కాయలను పట్టుకొని ఒక్కమారు విడువవలెను. మిగిలినవారు కన్నులు మూసికొని వినవలెను. కంటికంటె చెవి ఈ పరీక్షలో నమ్మదగినది. వినవచ్చునది ఒక్కటే ‘ధబ్బు’మను చప్పుడు. రెండు చప్పుళ్ళు వినవచ్చినచో చేతులు ఒక్కసారిగా విడువలేదన్నమాట.

ఏల ఇట్లు? పెద్దకాయను భూమి ఎక్కువ బలముతో లాగును, ఇది నిజమే. కాని ఆ కాయను కదలించుటయు అంత కష్టమే. రెండింతల పదార్థమున్నచో లాగుడును రెండింతలు, కదలుటకు చూపు మొరాయింపును రెండింతలు. ఒకదానితో ఒకటి సరిపోవుటచే వేగము రెంటికిని సమానమగును. ఈ మొరాయింపునకే శాస్త్రజ్ఞులు జడత్వమని పేరు పెట్టినారు. కాయతోపాటు రాలిన పండుటాకు మాత్రము గాలిలో తేలుచు తీరికగా దిగును. దానికి అడ్డము గాలియే. గాలి లేనిచోట ఆకునకును ఆలస్యము లేదు. 1971 ఆగస్టులో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రునిపై నిలిచి ఒక సుత్తిని, ఒక పక్షి ఈకను ఒకేసారి విడువగా రెండును కలిసియే నేలను తాకినవి.

అయిదు మీటర్ల ఎత్తుననున్న కొమ్మనుండి తొడిమ ఊడిన కాయ నేలకు చేరుటకు సుమారు ఒక సెకను పట్టును. అందు మొదటి అరసెకనులో అది దిగునది మీటరుంబాతిక మాత్రమే. మిగిలిన మూడుముప్పాతిక మీటర్లను రెండవ అరసెకనులో దాటును. అనగా వేగము క్షణక్షణమునకు పెరుగుచున్నది. త్వరణమను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము ప్రయోగశాలలో దొరకదు.

న్యూటను, ఆపిలు కథను ప్రతి వాచకమును చెప్పును. ఆపిలుచెట్టును కన్నెత్తి చూడని పిల్లవానికి ఆపిలు కథ చెప్పుచు, కిటికీలోనుండి కనిపించు మామిడిని విడిచిపెట్టుట ఏమి న్యాయమో! అది యట్లుండగా, కథలోని అసలు రుచిని కూడ మనవారు జారవిడుచుచున్నారు. పండు తలమీద పడెననుట కల్పన. 1726 ఏప్రిల్ 15వ తేదీన, ఎనుబదిమూడేండ్ల న్యూటను తోటలో ఆపిలుచెట్ల నీడను కూర్చుండి, పండు పడుట చూచియే తనకు ఆ ఆలోచన కలిగినదని స్టూక్లీ యను మిత్రునితో చెప్పినాడు. పండు క్రింద పడునని అతనికి ముందు అందరికిని తెలిసినదే. చెట్టు కొనను అందుకొన్న ఈ లాగుడు కొండకొనను అందుకొనదా, కొండకొనను అందుకొన్నది చంద్రుని ఏల అందుకొనరాదు అను ప్రశ్నయే అతని గొప్పతనము. భూకేంద్రమునుండి చంద్రుని దూరము భూమి వ్యాసార్ధమునకు 60 రెట్లు. దూరము పెరిగినకొలది ఆకర్షణ దాని వర్గము చొప్పున తగ్గినచో, అక్కడ అది 3,600వ వంతు కావలెను. ఇక్కడ మామిడికాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడును. దానిని 3,600చే భాగించినచో ఒకటిన్నర మిల్లీమీటరుకు కొంచెము తక్కువ వచ్చును. చంద్రుడు తిన్నగా పోవలసిన బాటనుండి ప్రతి సెకనునకు భూమివైపు ఒరిగి ‘పడు’నది సరిగా అంతయే. చందమామయు నిత్యము పడుచునే యున్నాడు. ప్రక్కకు పోవు వేగము వలన నేలను చేరకున్నాడు.

కాయల కోత చూచినవారికి మరియొక పాఠము కలదు. నేర్పరియైన కోతగాడు గడకు చిక్కము కట్టి, కాయను అందులోనికి జారునట్లు తెంపి దించును. ఎత్తుకొమ్మలనుండి కోసి విడువవలసివచ్చినచో క్రింద ఇద్దరు గోనెపట్టాను చెరియొక కొనను పట్టుకొని నిలుతురు. నేలమీద పడిన కాయను ‘దెబ్బకాయ’యని వేరుపెట్టుదురు, పైకి చెక్కుచెదరకున్నను రెండుదినములలో అది లోపల నల్లబడునని వారికి తెలియును. లెక్క వేసి చూతము. 250 గ్రాముల కాయ అయిదు మీటర్లనుండి పడునప్పటికి దానికి పన్నెండున్నర జౌళ్ళ శక్తి చేరును. గట్టినేల తగిలి ఒక సెంటీమీటరులో ఆగవలసివచ్చినచో, ఆ శక్తినంతయు ఆ సెంటీమీటరులోనే వ్యయపరచవలెను. అప్పుడు కాయపై పడు బలము సుమారు 1,250 న్యూటనులు - కాయ బరువునకు అయిదువందల రెట్లు! గోనెపట్టా పాతిక సెంటీమీటర్లు క్రుంగి కాయను ఆపినచో ఆ బలము ఏబది న్యూటనులకు పడిపోవును. క్రికెట్టు ఆటగాడు బంతిని పట్టునప్పుడు చేతులు వెనుకకు తీయుట ఇందుకే. తొడిమతో కోయుటకు కారణము వేరు. కాయలోని సన్నని నాళములలో సొన ఒత్తిడితో నిండియుండును. తొడిమ మొదటికంట తెగినచో అది చిమ్మి తొక్కను కాల్చి మచ్చ వేయును.

కోసిన కాయలు రాశి పోయుదురు. ఈ ‘రాశి’ యను మాటను గమనింపవలెను. ఒక వస్తువులో నున్న పదార్థపు మొత్తమునకు ‘ద్రవ్యరాశి’యని పాఠ్యపుస్తకము పేరిడినది. పేరు విని పిల్లలు బెదరుదురు. కాని ధాన్యపురాశి, కాయలరాశి చూచిన రైతుబిడ్డకు అది బెదరవలసిన మాట కాదు. ద్రవ్యపు కుప్ప అని చెప్పిన చాలును. ఆ కుప్పను భూమి లాగు బలము భారము. రెంటికిని భేదమేమని అడుగువారికి పాతకాలపు కాటాను చూపవచ్చును. ఒక తట్టలో రాళ్ళు, ఒక తట్టలో కాయలు. దానిని చంద్రునిపైకి కొనిపోయినను ముల్లు మధ్యనే నిలుచును; ఏలన రాళ్ళ బరువును, కాయల బరువును రెండును ఆరవ వంతునకు తగ్గును. అదే కాయలను స్ప్రింగు త్రాసునకు తగిలించినచో ఆరు కిలోలు ఒక్క కిలోగా చూపును. మొదటిది రాశిని రాశితో పోల్చినది. రెండవది లాగుడును కొలిచినది.

ఈ మాటల సంగతి చిన్నది కాదు. శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని నమ్మి, 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు పుట్టినది నాటి కృష్ణామండలములోనే, మునేటి యొడ్డున పెనుగంచిప్రోలులో. చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములపై కూడ ఆ మండలి పుస్తకములు వెలువరించినది. ఆయన తలపెట్టిన విజ్ఞానసర్వస్వము అకారము దాటకముందే 1923లో ఆయన కాలధర్మము నొందినారు. శతాబ్దము గడచినను ఆ ప్రశ్న తీరలేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చుచు ఉత్తర్వు చేయగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. తరువాత ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషు ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. ఏ ప్రక్క చదివినను నిర్వచనము కంఠస్థము చేసిన పిల్లవానికి లాభము లేదు. అయితే తెలుగు ప్రక్కను ఒక సౌకర్యము కలదు. మాట విప్పిన అర్థము బయటపడును. ‘ఉష్ణోగ్రత’ ఉదాహరణము: ఉష్ణము, ఉగ్రత అను రెండు పదములకు గుణసంధి. ఎంత వేడి యున్నదని కాదు, వేడి ఎంత ఉగ్రముగా నున్నదని ఆ మాట చెప్పుచున్నది. వ్యాకరణము బోధించు ఉపాధ్యాయుడును, భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడును ఒక్క పూట ఒకే తరగతిలో కూర్చున్నచో సగము చిక్కులు తొలగును.

ఉష్ణమునకు, ఉష్ణోగ్రతకు భేదము దీపావళినాడు ప్రతి పిల్లవానికి తెలిసినదే. కాకరపువ్వొత్తి రవ్వల ఉష్ణోగ్రత వేయి డిగ్రీలకు పైమాట. అవి చేతిమీద పడినను చురుక్కుమని ఊరకుండును. నూరు డిగ్రీల మరిగిన నీరు గరిటెడు పడినచో బొబ్బలెక్కును. రవ్వకు ఉగ్రత ఎక్కువ, ఉష్ణము స్వల్పము. మామిడి విషయమునను ఇదే పాఠము కలదు. కొన్ని సరకులలో పండుఈగ కనిపించినదని 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన మామిడి దిగుమతిని నిలిపివేసి, 2015 జనవరిలో తిరిగి అనుమతించినది. అక్కడికి పంపు కాయలను 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ముంచి తీయవలెను. నీరు 48 డిగ్రీలకు చేరిన తరువాత గంటసేపు ఎందుకని విద్యార్థి అడుగవచ్చును, అడుగవలెను. కాయ కండలో నూటికి ఎనుబది పాళ్ళు నీరే. 250 గ్రాముల కాయను 30 డిగ్రీలనుండి 47 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 4,000 కేలరీల ఉష్ణము దానిలోనికి పోవలెను. అదియు తొక్కనుండి టెంకవరకు మెల్లగా ప్రాకిపోవలెను; కండ మంచి ఉష్ణవాహకము కాదు. ఈగ గ్రుడ్డు తొక్కమీద లేదు, లోపల నున్నది. ఉగ్రత క్షణములో బయట సిద్ధమైనను, ఉష్ణము లోపలికి చేరుటకు కాలము పట్టును.

ఇండ్లలో కాయలు మాగవేయు పద్ధతియు చూడదగినదే. గదిలో వరిగడ్డి పఱచి, కాయలు పేర్చి, మరల గడ్డి కప్పుదురు. రెండవనాడు అందులో చేయి పెట్టినచో వెచ్చగా తగులును. గడ్డియే వేడి పుట్టించినదని పలువురి అభిప్రాయము. కంబళియే వేడి నిచ్చునని అనుకొనుట వంటిది. కోసిన తరువాత కూడ కాయ శ్వాసించుచు ఉష్ణమును వెలువరించుచుండును. గడ్డిపోచల నడుమ చిక్కుకొన్న గాలి ఆ ఉష్ణమును బయటికి పోనీయదు. మంచుగడ్డలను ఊకలో కప్పి దాచుటకును ఇదే కారణము. వేడిని లోపల పట్టియుంచునదియు, బయటి వేడిని రానీయనిదియు ఒకే అధమవాహకమని తెలిసినచో పిల్లలకు నవ్వు వచ్చును.

కాయనుండి వెలువడు ఇథిలీను వాయువు కూడ ఆ గడ్డిలో నిలిచి పక్వమును త్వరపరచును. ఆ ఓపిక లేనివారు కాల్షియం కార్బైడును ఆశ్రయించినారు. తడి తగిలినచో దానినుండి ఎసిటలీను పుట్టును. ఒకప్పుడు తిరునాళ్ళలో వెలిగించిన కార్బైడు దీపములు ఈ వాయువుతోనే మండినవి. అది ఇథిలీను వలె కాయను రంగు తేల్చును. కాని బజారున దొరకు కార్బైడులో ఆర్సెనికు, భాస్వరముల కల్మషము లుండును. అందువలన 2011 ఆహారభద్రతా నిబంధనలు దీనితో పండ్లను మాగవేయుటను నిషేధించినవి. 2016లో ఇథిలీను వాయువును పది లక్షల భాగముల గాలికి నూరు భాగములు మించకుండ వాడుటకు అనుమతి వచ్చినది. రెండు వాయువుల పేర్లు, రెండు సంకేతములు వల్లించిన విద్యార్థి, సంతలో పసుపుపచ్చగా మెరయు పండు లోపల పుల్లగా ఏల నున్నదో చెప్పగలుగుట మేలు.

కాయ ముదిరినదో లేదో తెలియుటకు ఒక సులభోపాయము కలదు. నీళ్ళతొట్టిలో వేసినచో లేతకాయ తేలును, ముదిరినది మునుగును. ముదిరిన కాయ విశిష్ట గురుత్వము 1.01 నుండి 1.02 వరకు ఉండునని ఉద్యానశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నీటి సాంద్రతకు అటునిటుగా ఒక్క పాలు తేడా! ఇంత సున్నితమైన త్రాసు తొట్టినీటి రూపమున ప్రతి యింటను ఉన్నది. కాయ తొలగించిన నీటి బరువెంతయో అంత బలముతో నీరు కాయను పైకి నెట్టునని ఆర్కిమిడీసు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దముననే చెప్పినాడు. నూతిలో నీళ్ళలో నున్నంతసేపు తేలికగా వచ్చిన చేద, నీటిమట్టము దాటగానే బరువెక్కుట చూచినవారికి ఇది కొత్త కాదు. పది లీటర్ల నీటిలో మునిగిన కాయ నుంచి, అరకిలో ఉప్పు కొంచెము కొంచెముగా కలిపినచో, కాయ మెల్లగా లేచి పైకి వచ్చును. కాయ మారలేదు, నీరే బరువెక్కినది.

అన్నిటికంటె వింతయైనది మాత్రము ఎవరును తలవంచి చూడనిది. నట్టెండలో తోటలోనికి పోయినచో నీడలో అక్కడక్కడ గుండ్రని వెలుగు బిళ్ళలు పరచుకొని యుండును. ఆకుల సందులు గుండ్రనివి కావు. మూడుమూలలవి, కోలగా నున్నవి, చీలికలు. మరి బిళ్ళలు గుండ్రముగా ఏల నున్నవి? అవి సందుల ఆకారములు కావు, సూర్యుని ప్రతిబింబములు. ప్రతి చిన్నసందును ఒక సూదిబెజ్జపు కెమెరా. వెలుగు తిన్నని గీతలో పోవుటచే ఆ బెజ్జము గుండ సూర్యబింబము నేలపై పడినది. పాక్షిక గ్రహణ సమయమున ఆ బిళ్ళలన్నియు ఒక్కసారిగా నెలవంక లగును. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగునేల మీదుగా పోయినప్పుడు జపాల్-రంగాపురము వేధశాలలో శాస్త్రజ్ఞులు పరిశీలనలు సాగించుచుండగా, భయముతో తలుపులు బిగించుకొని యిండ్లలో కూర్చున్నవారు అనేకులు. సూర్యునికి వీపు పెట్టి, చెట్టు నీడలో నెలవంకలను చూచినచో కంటికి ఏ యపాయమును లేదు.

ఆ వెలుగుబిళ్ళతో సూర్యుని కొలువవచ్చును కూడ. విడిగా, స్పష్టముగా నున్న ఒక బిళ్ళను ఎన్నుకొని, కిరణమునకు అడ్డముగా తెల్ల అట్టను పట్టి దాని వెడల్పును కొలువవలెను. తరువాత సందునుండి అట్టవరకు దూరమును కొలువవలెను. చిక్కపు గడ ఇందుకు చక్కగా ఉపకరించును. ఆకుసందు కుదరనిచో, దళసరి అట్టకు కందిగింజంత బెజ్జము చేసి గడకొనకు కట్టవచ్చును. అప్పుడు బిళ్ళ వెడల్పునుండి బెజ్జపు వెడల్పును తీసివేయవలెను. దూరము 4 మీటర్ల 30 సెంటీమీటర్లయినచో బిళ్ళ 4 సెంటీమీటర్లు వచ్చును. అనగా దూరము వెడల్పునకు సుమారు 107 రెట్లు. సూర్యుని దూరము 15 కోట్ల కిలోమీటర్లు. దానిని 107చే భాగించినచో 14 లక్షల కిలోమీటర్లు: సూర్యుని వ్యాసము! దర్జీవాని టేపు, ఒక గడ, ఒక అట్టముక్క - పరికరములు ఇంతే.

ఎండ వాలినకొలది బిళ్ళలు నేలపై కోలగా సాగును. అందుకే అట్టను కిరణమునకు అడ్డముగా పట్టుమనుట. నూజివీడులో అట్టను వంచవలసిన పని లేని రోజులు ఏటా రెండు మాత్రమే వచ్చును. మొదటిది మే 7వ తేదీ ప్రాంతమున, రెండవది ఆగస్టు మొదటివారములో. ఆ దినములలో మధ్యాహ్నము పన్నెండు దాటిన కొన్ని నిమిషములకు సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. దారమునకు కట్టి వ్రేలాడదీసిన కాయ నీడ సరిగా దాని క్రిందనే పడును; చెట్టుక్రింద నేలమీది బిళ్ళలన్నియు పూర్ణవృత్తములగును. ఆగస్టులో మబ్బుల భయము కలదు. మే నెలలో బడులకు సెలవులు. కాని తోటలలో కోత ముమ్మరముగా సాగుచుండును, గడలును అక్కడనే యుండును.